పీనుగుల బాషా

ఆ రోజుల్లో కావలిలో బస్సు దిగి ఖాదర్ బాషా ఇల్లు యాడ అని అడిగితే జనం తల గోక్కునేవాళ్లు. పీనుగుల బాషా అంటే మాత్రం చెయ్యి పట్టుకోని తీసుకొచ్చి మా గుమ్మంలో వదిలేవాళ్లు. ఆ బాషా పెళ్లాం సుల్తాన్‌బీని నేనే. ఆ పేరు పెట్టినోళ్ల నోరు పడిపోను, నన్ను కూడా వదల్లేదు. కూరగాయలకి పోతే, "ఇదిగో పీనుగులామె వచ్చింది, దోసకాయలు మంచివి ఏరి ఇవ్వు" అనేది కొట్టామె. మంచివే ఇచ్చేది, అది వేరే సంగతి.

మేము దూదేకులోళ్లం. మా మామ మౌలా వెనక వరండాలో దూలానికి విల్లు వేలాడదీసి, దాని నారిని కొయ్యతో కొడతా దూది ఏకేవాడు. టుంగు టుంగు అని పొద్దున మొదలైతే సాయంత్రం నమాజుకి లేచేదాకా ఆ మోత ఆగేది కాదు. కావలిలో ఏ కొత్త పెళ్లికూతురైనా మా మామ ఏకిన పరుపు మీద పడుకోవాల్సిందే. అట్టాంటి మనిషికి ఒక్కడే కొడుకు. ఆ ఒక్కడూ విల్లు పట్టుకోకుండా కెమెరా పట్టుకున్నాడు.

దాంతో తండ్రీ కొడుకులకి మాటల్లేవు. బొత్తిగా లేవని కాదు, నా ద్వారా ఉండేవి. ఇద్దరూ ఎదురెదురుగా అన్నానికి కూర్చునేవాళ్లు. "మీ ఆయన్ని ఇంకొంచెం పులుసు పోసుకోమను" అని మామ అనేవాడు. "వద్దని చెప్పు" అని ఈయన. మధ్యలో గరిటె పట్టుకోని నేను ఎవరికీ ఏమీ చెప్పేదాన్ని కాదు, ఇద్దరికీ చెవులున్నాయి గదా.

కెమెరా బిట్రగుంటలో కొన్నాడు. అక్కడ రైల్వే కాలనీలో ఉండే ఒక దొర డ్రైవరు, ఇంక ఇంగ్లండు సీమకి పోతానని ఇంట్లో సామాను అమ్మేస్తా ఉంటే, ఈయన పోయి దాన్ని తెచ్చుకున్నాడు. నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులవి. మూసి ఉంటే తమలపాకుల పెట్టె మాదిరి ఉండేది. తెరిస్తే నల్ల తోలు తిత్తి ముందుకి సాగేది, దాని చివర గాజు కన్ను. ఆ గాజు లోపల షట్టరని ఒకటి ఉంటుంది. ఉల్లిపొర అంత పలచని ఉక్కు రేకులు అయిదు, ఒకదాని మీద ఒకటి ఒదిగి కూర్చుంటాయి. మీట నొక్కితే అయిదూ ఒక్కసారే విచ్చుకోని, మనం కన్నార్పేలోపల మళ్లీ మూసుకోవాల. క్లిక్ అంటుంది, అంతే. ఆ చప్పుడు కోసం మా ఆయన ఫిల్ము లేకుండా కూడా నొక్కుకునేవాడు. అన్నం చల్లారిపోతుందని అరిస్తే వచ్చేవాడు.

ముందు గది స్టూడియో, వెనక వరండా దూది పని. గాలి తుమ్మలపెంట వైపు నుంచి వీస్తే సముద్రం ఉప్పు, వరండా వైపు నుంచి వీస్తే మామ దూది. కెమెరా మధ్యలో దొరికిపోయింది. మొదటి వానాకాలానికే అది మొరాయించింది. క్లిక్ అనాల్సింది, క్లీ అని ఆగి, కాసేపు ఆలోచించుకోని, తర్వాత ఎప్పుడో క్ అనేది.

మా ఆయనకి బిట్రగుంట లోకో షెడ్డులో పోలేరయ్య అని ఒక దోస్తు. ఫిట్టరు. రైలింజన్లు బాగుచేసే చెయ్యి, మా ఇంట్లో ఏది ఆగిపోయినా ఆయన్నే పిలిచేవాడు ఈయన. పోలేరయ్యకి తెలిసిన మందు ఒకటే, నూనె. మా తలుపు గొళ్లెం, బావి గిలక, నా కుట్టు మిషను, అన్నీ ఆయన వచ్చి పోయినాక నల్లగా కారతా ఉండేవి. ఒక పండక్కి మా ఆయన జాకెట్టు గుడ్డ తెచ్చిపెడితే, కుట్టేసరికి దాని నిండా మిషను నూనె మరకలు. భోజనానికి వస్తే ఆయన కూర్చునే పీటని కూడా తిప్పి చూసేవాడు, ఎక్కడైనా కిర్రుమంటుందేమోనని.

పోలేరయ్య కెమెరాని చెవి దగ్గర పెట్టుకోని నాలుగు సార్లు నొక్కి విన్నాడు.

"బాషా, దీనికి దాహంగా ఉండాది" అన్నాడు.

సంచిలోనుంచి పొడుగు ముక్కు నూనె డబ్బా తీసినాడు. రైలింజనుకి పోసే నూనె. చుక్క వేసి ఆపుంటే ఏమయ్యేదో గానీ, దోస్తు మీద అభిమానం కొద్దీ పోసినాడు. ఆ సాయంత్రం షట్టరు వెన్న మాదిరి ఆడింది. మా ఆయన కెమెరాని కళ్లకద్దుకున్నాడు. పోలేరయ్య మీసం దువ్వుకోని, నా గోంగూర పచ్చడి రెండోసారి అడిగి వేయించుకోని పోయినాడు.

ఆ వారంలోనే హజరత్తయ్య పెళ్లి వచ్చింది. హజరత్తయ్య మా వాడు కాదు, కావలికి పడమటి పల్లెలో వరి రైతుల బిడ్డ. పిల్లలు నిలవకపోతే దర్గాలో మొక్కుకున్నారని, హజరత్తు పేరు పెట్టుకున్నారు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే అవ్వా తాతా పెంచినారు. మనవడి పెళ్లికి ఫోటోగ్రాఫరు రావాలని అవ్వ వెంకటశేషమ్మ పట్టుబట్టి బండి పంపించింది.

వానాకాలమైనా ఆ రోజు మండే ఎండ. ఆ వేడికి పోలేరయ్య పోసిన నూనె జారి రేకులన్నిటికీ పాకింది. తడిసిన కాగితాలు ఒకదానికొకటి అంటుకుంటాయే, అట్టా అంటుకున్నాయి రేకులు. మీట నొక్కితే తెరుచుకున్నాయి గానీ మూసుకోలేదు. పెళ్లింట్లో ఆ మాట బయటపెడితే పరువు పోతుందని, మా ఆయన కెమెరా మూతిని వేలితో తట్టి మూస్తా, "కదలొద్దు, ఎవరూ కదలొద్దు" అని గొంతు చించుకున్నాడు. పెళ్లి పందిట్లో కదలొద్దంటే ఎవరు వింటారు? అక్షింతలు పడతా ఉన్నాయి.

ఫోటోలు కడిగి ఆరబెడితే నేనూ చూసినా. పెళ్లికూతురు మెడలో దండ ఉండాది, దండ పైన పొగ ఉండాది. పురోహితుడికి నాలుగు చేతులు. హజరత్తయ్యకి రెండు ముక్కులు, అవి కూడా వేరు వేరు దిక్కులకి. అరిటి చెట్లు మాత్రం ఈనెలతో సహా వచ్చినాయి. మనుషుల్లో శుభ్రంగా వచ్చింది ఒక్కడే, గుంజకి ఆనుకోని నిద్రపోతా ఉన్న వంటాయన.

హజరత్తయ్య ఆ ఫోటో పట్టుకోని మా ఇంటికొచ్చినాడు. నెమ్మదైన పిల్లోడు, అరవలేదు.

"అన్నా, ఇందులో నా చొక్కా కనపడతా ఉండాది. నేను యాడున్నా?"

మా ఆయన ఫోటోని వెలుతురుకి తిప్పినాడు. "కదిలినావు తమ్ముడూ."

"కదలకుండా తాళి ఎట్టా కట్టాల అన్నా?"

వరండాలో విల్లు మోత ఆగింది. "సుల్తానూ, పరుపులు కుట్టుకోని ఉంటే ఎవరూ వచ్చి ఇట్టా అడగరని మీ ఆయనకి చెప్పు" అన్నాడు మామ. నేను చెప్పలా.

మరుసటేడు హజరత్తయ్య తాత పోయినాడు. మా వైపు పెద్దవాళ్లకి ఒక భయం ఉండేది, బతికుండగా ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని. అందుకని మనిషి పోయినాకే ఫోటోగ్రాఫరుని పిలిచేవాళ్లు. పీనుగుని కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోకుండా వెనకనుంచి గుడ్డతో కట్టి, కొత్త పంచె కప్పి ఫోటో తీయించేవాళ్లు. ఊళ్లో ఇంకొక ఫోటోగ్రాఫరు లేడు గనక, రెండు ముక్కుల ఫోటో గుర్తున్నా హజరత్తయ్య మా ఆయన్నే పిల్చుకోని పోయినాడు.

ఆ ఫోటో ఎంత బాగా వచ్చిందంటే, పల్లె పల్లెంతా వచ్చి చూసింది. మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. షట్టరు ఎంతసేపు తెరుచుకోని ఉంటే ఆ పెద్దాయనకేం, ఆయన కదలడు గదా.

అంతే, అక్కడ్నుంచి పట్టుకుంది. చుట్టుపక్కల ఎవరు పోయినా, ముందు బంధువులకి కబురు, తర్వాత మా ఇంటికి కబురు. పోలేరయ్య ఏ పండక్కి వచ్చినా కెమెరాకి నూనె పోసి పోయేవాడు. రేకులు ఇంకా కరుచుకోని ఇంక తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయినాయి. ఈయన కెమెరా గాజు కన్ను మీద ఒక మూత పెట్టుకోని, మూత తీసి, మనసులో కొంచెంసేపు లెక్కపెట్టి, మళ్లీ మూత పెట్టేవాడు. బతికున్నోళ్లకి అది పనికిరాదు.

పని మాత్రం మర్యాదగా చేసేవాడు, ఆ మాట చెప్పుకోవాల. పీనుగుకి తనే జుట్టు దువ్వేవాడు, చొక్కా గుండీలు సరిచేసేవాడు. "పెద్దాయనా, కొంచెం ఇట్టా" అని మెల్లగా తల తిప్పేవాడు. నేను ఒకసారి విని నవ్వితే నా మీద కోప్పడినాడు. "వినపడదని మర్యాద తప్పుతామా సుల్తానూ" అన్నాడు.

ఊరు మాత్రం మాకు మర్యాద చేయలా. ఈయన కెమెరా సంచి తగిలించుకోని సైకిలెక్కితే, అరుగుల మీద కూర్చున్న ముసలోళ్లు లేచి లోపలికి పోయి గొళ్లెం పెట్టుకునేవాళ్లు. గంగులయ్య అని కిరాణా కొట్టాయన, ఈయన అడగకపోయినా, "నేను బాగానే ఉండా బాషా, మొన్నటిది ఉత్త జలుబు" అని దూరం నుంచే కేకేసేవాడు. నా మేనమామకి జరమొస్తే పలకరించేదానికి మా ఆయన పోయినాడు పాపం, ఉత్త చేతుల్తోనే. మా అత్త గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "ఇంకా ఉండాడులే అల్లుడూ, నువ్వు పోయి రా" అనింది. నాకు ఒళ్లు మండి, ఆ ఏడు వాళ్లింట్లో సున్నతికి కూడా పోలా.

తిండికి లోటు లేదు, నిజమే. కానీ స్టూడియో ముందు అద్దాల బీరువా ఒకటి చేయించుకున్నాడు, దాంట్లో ఫోటోలు పెడితే దోవన పోయేవాళ్లు చూస్తారని. నాలుగేళ్లుగా అది ఖాళీ. ఒకరోజు దాన్ని తుడుస్తా తుడుస్తా ఆగిపోయినాడు.

"ఇందులో పెట్టుకునేదానికి నవ్వే మొహం ఒక్కటి లేదు నా దగ్గర" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. మనిషి చెడ్డోడైతే తిట్టి ఊరుకోవచ్చు, మంచోడైతే ఏం చేస్తాం.

చైనాతో యుద్ధమని రేడియోలు మోగుతా ఉన్న రోజుల్లో, మా గుమ్మంలో ఎద్దుబండి ఆగింది. హజరత్తయ్య అవ్వని దించినాడు. వెంకటశేషమ్మని నేను చూడడం అదే మొదలు. చక్కటి మనిషి, నోట్లో పళ్లు లేవు. తల మాత్రం ఆగకుండా ఊగతా ఉండాది, కాదు కాదు అన్నట్టు. ముసలితనంలో వచ్చిన జబ్బంట. మజ్జిగ తాగుతావా అవ్వా అని అడిగితే తల వద్దంటా ఉంది, చెయ్యి మాత్రం గ్లాసు అందుకునింది. నేను ఒక క్షణం ఏది నమ్మాలో తెలీక నిలబడిపోయినా.

"నాయనా, మా ఇంటాయన ఫోటో గోడకుండాది. బాగా తీసినావు" అని మొదలుపెట్టింది మా ఆయనతో. "ఆయన జుట్టు నువ్వే దువ్వినావు, నేను మర్చిపోలా. కానీ కళ్లు మూసుకోని ఉండాడు గదా. మా హజరత్తు కొడుకు ఆ గోడ చూస్తేనే జడుసుకుంటాడు, తాత ఫోటో కింద అన్నం కూడా తినడు. రేపు నా ఫోటో చూసి కూడా ఆ బిడ్డ జడుసుకుంటే నేనొప్పను. ఆయుష్షు తగ్గితే తగ్గనీ. నాకు కళ్లు తెరుచుకోని ఉండే ఫోటో కావాల."

"నెల్లూరు తీసకపోయినానన్నా" అన్నాడు హజరత్తయ్య. "అక్కడ మెడ వెనకాల ఇనప కొక్కెం పెట్టి బిగించినారు. అయినా తల నిలవలా. ఏందమ్మా ఇది, కుదురుగా కూర్చోలేవా అని కసురుకున్నాడు ఆ ఫోటోగ్రాఫరు. అవ్వ లేచి వచ్చేసింది."

"నేను ఊగకుండా ఉండేది ఒకేసారి" అని ముసలామె బోసినోటితో నవ్వింది. "అప్పుడు నీకు కబురొస్తుంది, నువ్వు బ్రహ్మాండంగా తీస్తావు. అది నాకొద్దు నాయనా. నా ఫోటో నేను చూసుకోవాల."

మా ఆయన ఒకసారి కెమెరా వైపు చూసినాడు. ఊగే తలని పట్టుకోవాలంటే షట్టరు రెప్పపాటులో మూసుకోవాల. మా షట్టరు మూసుకోక నాలుగేళ్లయింది. ఆ సంగతి చెప్పేస్తాడనుకున్నా.

"కోతలైనాక రా పెద్దమ్మా" అన్నాడు.

"కోతల దాకా ఉంటానని నీకెవరు చెప్పినారు?"

"అయితే వచ్చే సంత రోజుకి రా" అన్నాడు. బండి కదిలినాక అరుగు మీద కూలబడినాడు.

సంతకి ముందు రోజు పోలేరయ్య సెలవు పెట్టుకోని వచ్చినాడు. ఇద్దరూ గడప పక్కన తెల్లదుప్పటి పరిచి షట్టరు ఊడదీసినారు. రేకులకి జిడ్డు పట్టి తుమ్మజిగురు పూసినట్టు ఉండాది. కిరసనాయిలుతో కడిగినారు. మళ్లీ బిగించి నొక్కితే తెరుచుకోని, సగం మూసుకోని నిలబడింది. పోలేరయ్య సంచిలో చెయ్యి పెట్టినాడు.

"పోలేరన్నా, ఆ డబ్బా బయటికి తీసినావంటే నీ నెత్తిన పోస్తా" అన్నా నేను.

"అది కాదు చెల్లెమ్మా, ఇనుమనేది..."

"ఇనుము సంగతి మీ షెడ్డులో చూసుకో. మా ఆయనకి ఆ పేరు తెచ్చిపెట్టింది నీ నూనె."

పోలేరయ్య డబ్బాని సంచి అడుక్కి తోసేసినాడు. ఆ కోపంలోనే నేను కాఫీ తీసుకోని వరండాలోకి పోయినా. ఆ పొద్దున తలకి నూనె రాసుకున్న సంగతి మర్చిపోయినా. మామ విల్లు ఆపేసి అరిచినాడు.

"నూనె తలతో దూది దగ్గరికి రావద్దని ఎన్నిసార్లు చెప్పాల సుల్తానూ? నూనె తగిలితే దూది ఉండ కడుతుంది. ఇంక నారి తెగేదాకా కొట్టినా విడిపోదు."

ఆ మాట నేను ఆ ఇంటికి కాపురానికి వచ్చిన రోజు నుంచీ వింటానే ఉండా. మా ఆయనైతే పుట్టినప్పటి నుంచీ విన్నాడు. మా ఇంట్లో మొదటి చట్టం అదే, నూనె చేత్తో దూది ముట్టుకోకూడదు. ఆ పూట మాత్రం ఈయన చేతిలో జిడ్డు రేకు పట్టుకోని తలెత్తినాడు. రేకు వైపు చూసినాడు, దూది వైపు చూసినాడు. లేచి వరండాలోకి వచ్చినాడు.

"నాయనా, నూనె తగిలిన దూదిని ఏం చేస్తావు?"

నేరుగా అడిగినాడు. మామ నా వైపు చూసినాడు, నేను చెప్పాలేమోనని. నేను నోరు తెరవలా. అప్పుడు ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఏం చేస్తాం. ఏ పోగుకా పోగు విడదీయాల. జిడ్డు పోయేదాకా ఉతకాల. బాగా ఆరబెట్టాల. ఇంక దాని జోలికి నూనె రానీకూడదు. చెడిపోయిన దూదికి ఇంకొంచెం నూనె పోసేవాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు."

పోలేరయ్య దుప్పటి మీద కూర్చోని నేల చూపులు చూసినాడు. కాసేపటికి, "కిరసనాయిలు జిడ్డు వదిలిపెట్టి పోతుంది. పెట్రోలైతే గాలికి ఆరిపోతుంది" అన్నాడు. ఆయన నోట్లోనుంచి నూనె కాని మందు రావడం అదే మొదలు. లేచి, లారీల దగ్గరికి పోయి, సీసాలో పెట్రోలు తెచ్చినాడు. ఆ వాసనకి నేను పొయ్యి ఆర్పేసినా. ఆ పూట ఎవరికీ అన్నం లేదు.

మా ఆయన అయిదు రేకులూ విడదీసి కడిగినాడు. వెదురు పుల్లకి దూది చుట్టి, లోపలి చిన్న చక్రాల ఒక్కో పన్నూ, ఒక్కో గాడీ తుడిచినాడు. దూది మామదే, అన్నిటికన్నా మెత్తగా ఏకింది పక్కకి తీసి ఇచ్చినాడు ఆయన, అడక్కుండానే. అంతా బాగా జరగతా ఉండాది. అప్పుడు పోలేరయ్య, లోపల ఇంకేదో జిడ్డు ఉండాదని, రైలు చక్రం తిప్పే వేళ్లతో ఒక చిన్న రింగుని మెల్లగా నొక్కినాడు.

టింగ్ మనింది. వెంట్రుక అంత సన్నని స్ప్రింగు ఒకటి లేచి, మా అందరి కళ్ల ముందే గడప దాటి, వరండాలో దూది కుప్పలో పడింది.

ఆ కుప్ప నా ఎత్తు ఉండాది. రెండు పెళ్లిళ్ల పరుపులకి ఏకి పెట్టింది. నేనూ, మా ఆయనా, పోలేరయ్యా మోచేతుల దాకా దూర్చి వెతికినాం. దూది ముక్కులోకి పోయి తుమ్ములు. పోలేరయ్య తుమ్మితే కుప్ప సగం లేచి అటక మీద పడింది. ఆ స్ప్రింగు లేకపోతే షట్టరు మూసుకోదు, అట్టాంటిది బజారులో దొరకదు. మా ఆయన నెత్తినిండా దూదితో మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు.

"రేపు పెద్దమ్మకి ఏం చెప్పాల" అన్నాడు.

"లేవండి అందరూ" అన్నాడు మామ. "చేతులు పెట్టి నా దూదిని ఉండలు చేస్తా ఉండారు. లేచి అవతలికి పోండి."

విల్లు దించుకున్నాడు. కుప్పలోనుంచి కొంచెం కొంచెం లాక్కోని మళ్లీ ఏకడం మొదలుపెట్టినాడు. నారి దెబ్బకి దూది పొగ మాదిరి పైకి లేస్తుంది, గింజా పుల్లా బరువున్నదేదైనా కింద రాలిపోతుంది. ఆయన పుట్టి బుద్ధెరిగినాక చేసిన పని అదే. కింద దుప్పటి పరిచి మేమంతా గొంతుక్కూర్చోని చూస్తా ఉండాం.

మొదట పత్తిగింజలు పడినాయి. తర్వాత చొక్కా గుండీ ఒకటి. తర్వాత సగం కాలిన బీడీ. మామ విల్లు ఆపి దాన్ని ఏరి చూసినాడు. దూది ఉన్న ఇంట్లో బీడీ ముట్టించడం మా ఇంట్లో రెండో చట్టానికి విరుద్ధం. ఆయన పోలేరయ్యని చూసినాడు, పోలేరయ్య మా ఆయన్ని చూసినాడు, మా ఆయన అటక చూసినాడు. "దీని సంగతి తర్వాత" అని మామ మళ్లీ కొట్టినాడు. ఈసారి నా ముక్కుపుల్ల మర పడింది, పెళ్లైన కొత్తల్లో పోగొట్టుకున్నది. దానికోసం నేను పనిమనిషి పెంచలమ్మతో ఎంత కొట్లాడినానో చెప్పేదానికి లేదు. నేను కొంగుతో మూతి మూసుకున్నా.

పొద్దు వాలతా ఉండగా దుప్పటి మీద ఏదో మెరిసింది. మా ఆయన దాన్ని వేలికి తడి చేసుకోని అద్ది తీసినాడు. స్ప్రింగే. తండ్రి వైపు చూసినాడు. ఆయన చెమట తుడుచుకుంటా ఉండాడు, కనుబొమల నిండా దూది.

దీపాలు పెట్టే వేళకి షట్టరు బిగించినారు. చుక్క నూనె లేదు. మా ఆయన మీట మీద వేలు పెట్టి, నొక్కకుండా, అట్టానే కూర్చున్నాడు.

"నొక్కు" అన్నాడు మామ.

క్లిక్. నాలుగేళ్ల తర్వాత విన్నా ఆ చప్పుడు. ఇంకోసారి, ఇంకోసారి. మామ తల వంచి విన్నాడు, నారి బిగువు చూసుకునేటప్పుడు వింటాడే అట్టా. "ఇప్పుడు సరిగ్గా పలకతా ఉండాది" అన్నాడు.

మర్నాడు వెంకటశేషమ్మ చిలకపచ్చ చీర కట్టుకోని వచ్చింది. వెలుతురు బాగా పడే చోట, తలుపు దగ్గర కూర్చోబెట్టినాడు. ఆమె రెండు చేతుల్తో కుర్చీ పట్టుకోని, మెడ బిగబట్టి, పళ్లు లేని దవడలు కరిచిపెట్టి, కళ్లు గట్టిగా మూసుకునింది. తల ఇంకా ఎక్కువగా ఊగింది.

"కళ్లు తెరు పెద్దమ్మా."

"తెరిస్తే తల ఆగదు నాయనా."

"ఆగొద్దు. కదులు" అన్నాడు మా ఆయన.

ఆమె ఒక కన్ను తెరిచి చూసింది. ఫోటోగ్రాఫరు నోట్లోనుంచి కదులు అనే మాట ఆమే కాదు, మేమూ వినలా. ఇన్నేళ్లుగా ఈయన అరిచిందంతా కదలొద్దనే.

"కదలమంటావా?"

"నీ ఇష్టం వచ్చినట్టు ఊగు. పట్టుకునేది నా పని."

ముసలామెకి నవ్వొచ్చింది. చేతులు కుర్చీ వదిలేసినాయి, రెండో కన్ను కూడా తెరుచుకుంది. అప్పుడు క్లిక్ మనింది.

ఫోటో తీసుకునేదానికి తనే వచ్చింది, మనవడి మీద నమ్మకం లేదంట. చెయ్యి చాపి దూరంగా పట్టుకోని చూసింది. బోసి నవ్వు, కళ్ల చుట్టూ ముడతలు, వింత చూస్తా ఉన్నట్టు వెడల్పుగా తెరుచుకున్న కళ్లు. తల నిటారుగా నిలబడి ఉండాది.

"ఈ ముసల్ది ఎవరు?" అనింది. ఫోటోని ఇంకొంచెం దగ్గరికి తెచ్చుకునింది. "అయితే నేను కుదురుగా ఉంటే ఇట్టా ఉంటానన్నమాట" అనింది చివరికి. హజరత్తయ్య వైపు తిరిగి, "మీ తాత పక్కన తగిలించు. ఆయన కళ్లు మూసుకున్నాడు, ఇద్దరి బదులూ ఇంట్లో ఏం జరగతా ఉండాదో నేనే చూస్తా ఉంటా" అనింది. ఆ మాటలు అనేటప్పుడు కూడా ఆమె తల కాదు కాదు అంటానే ఉండాది.

ఆమెని అడిగి ఇంకో కాపీ వేసుకోని, మా ఆయన అద్దాల బీరువాలో పెట్టినాడు. సంతకొచ్చిన జనం ఆగి చూసినారు. బతికున్న ముసలామె, ఆయుష్షు తగ్గినట్టు ఏమీ లేదు, పైగా నవ్వతా ఉండాది. మొదట కిరాణా గంగులయ్య వచ్చినాడు, తర్వాత ఆయన పెళ్లాం, తర్వాత చంటిపిల్లోళ్ల తల్లులు. పోలేరయ్య ఇంటిల్లిపాదినీ తీసుకొచ్చి తీయించుకున్నాడు. నూనె డబ్బా మాత్రం గుమ్మం బయట పెట్టించి లోపలికి రానిచ్చినా.

కోతలు చూసింది వెంకటశేషమ్మ. ఇంకో ఏడు కోతలు కూడా చూసింది. ఆ తర్వాత ఒక పొద్దున హజరత్తయ్య సైకిలు మీద వచ్చి గుమ్మంలో నిలబడినాడు. మొహం చూసి మా ఆయనకి అర్థమైపోయింది. ఏమీ అడక్కుండా లోపలికి పోయి కెమెరా సంచి భుజానికేసుకోని వచ్చినాడు. అలవాటైపోయిన పని గదా.

"కెమెరా వద్దన్నా" అన్నాడు హజరత్తయ్య. "అవ్వ ఫోటో ఉండాది. నువ్వు ఊరికే రా."

మా ఆయన సంచి నా చేతికిచ్చినాడు. చావింటికి ఉత్త చేతుల్తో పోవడం ఆయనకి తెలీదు. సైకిలు ఎక్కేటప్పుడు రెండుసార్లు భుజం తడుముకున్నాడు.

సాయంత్రం తిరిగొచ్చి, నీళ్లు పోసుకోని, వరండాలో మామ పక్కన కూర్చున్నాడు. విల్లు మోగతా ఉండాది.

"అందరూ ఏడుస్తా ఉంటే హజరత్తు కొడుకు లోపలికి వచ్చినాడు నాయనా" అన్నాడు. "చాప మీద పడుకోబెట్టిన మనిషిని చూసి, ఈమె ఎవరు అని అడిగినాడు. మీ అవ్వరా అని చెప్పినారు. వాడు కాదన్నాడు. గోడ మీద ఫోటో చూపించి, అవ్వ అక్కడ ఉండాది గదా అన్నాడు. దాని కింద కూర్చోని అన్నం తిన్నాడు."

చెప్తా చెప్తా మా ఆయన ఏడ్చినాడు. మామ విల్లు ఆపినాడు. నా వైపు చూడలా, నా చేత చెప్పించలా.

"బాగా తీసినావురా" అన్నాడు కొడుకుతో.